మడమకూ మడతకూ మధ్య

ఫిబ్రవరిలో ఒక సోమవారం ఉదయం ప్రొద్దుటూరు పోవడానికి జమ్మలమడుగు బస్టాండులో నిలబడ్డాను. బస్సు వచ్చింది. కుడి కాలు మెట్టు మీద పెట్టాను. దాని మీద బరువు వేయగానే మోకాలి లోపల ఏదో అడ్డం పడినట్టు ఆగిపోయింది. పైకి పోలేను, కాలు వెనక్కి తీసుకోలేను. నా వెనక ఐదారుగురు ఆగిపోయారు.

"అవ్వా, ఎక్కుతాండావా, దిగుతాండావా? ఏదో ఒకటి జెప్పు" అన్నాడు కండక్టర్.

నేను తలుపు కడ్డీ గట్టిగా పట్టుకున్నాను. ఇద్దరు ఆడవాళ్లు చెరో రెక్క పట్టుకుని కిందికి దించారు. బస్సు వెళ్లిపోయింది. మోకాళ్ల నొప్పులు నాలుగేళ్లుగా ఉన్నవే. అయితే నా కాలు నా మాట వినకపోవడం ఆ రోజే మొదలు.

నాకు అరవై తొమ్మిదేళ్లు. ముప్పై ఒక్క ఏళ్లు తాలూకా ఆఫీసులో నకళ్లు రాసే సీటులో పనిచేశాను. అక్కడ ఒక్క అక్షరం తప్పితే ఒకరి పొలం ఇంకొకరిది అవుతుంది. కాబట్టి విన్నది విన్నట్టు, తేదీ వేసి రాసుకోవడం నాకు అలవాటు. ఈ జబ్బుకు కూడా ఒక నోటుబుక్కు పెట్టాను. పిల్లలు లేరు. మా ఆయన పోయి ఎనిమిదేళ్లయింది. నా వంట నేను వండుకుని, నా తలుపు నేను వేసుకుని బతుకుతున్నదాన్ని. ఆ బతుకు పోతుందేమోనన్నదే నా భయం. నొప్పి దాని తర్వాత.

ప్రొద్దుటూరులో ఎముకల డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చూపించారు. "గ్రేడ్ ఫోర్ అమ్మా. గుజ్జు మిగల్లేదు, ఎముక మీద ఎముక రాసుకుంటోంది. రెండూ మార్చాలి. ముందు కుడిది చేద్దాం."

తర్వాత పరీక్షలు. ఈసీజీ, ఎకో, రక్తం, మూత్రం. గుండె బాగుంది. షుగరు బాగాలేదు. మూడు నెలల సగటు ఎనిమిది దాటింది. "ఏడు దగ్గరికి రానివ్వండి. ఇప్పుడు కోస్తే పుండు మానదు" అన్నారు. ఒక పన్ను పుచ్చి ఉంటే దాన్నీ తీయించుకుని రమ్మన్నారు. పంటిలోని చీము మోకాలి దాకా పోతుందట. ఏడు వారాలు రాగి సంగటి ముద్ద సగానికి తగ్గించాను. ఇంట్లో చాపలు తీసేశాను. మంచం కాళ్ల కింద చెక్కలు పెట్టించాను, కమోడ్ కుర్చీ తెప్పించాను. చెప్పిన ప్రతి పనికీ ఒక టిక్కు.

ఆపరేషన్‌కు తోడుగా మా చెల్లెలు సుశీల వచ్చింది. ఆమెది పులివెందుల పక్కన లింగాల. చీనీ తోట, అంటే బత్తాయి తోట ఉంది. "నలభై దినాలు ఉంటా అక్కా. కోతకు పోవల్ల. ఆ లోపల నువ్వు నడిసి సూపియ్యి" అంది. నలభై అంకె నోటుబుక్కులో రాసి దాని చుట్టూ సున్నా చుట్టాను.

వెన్నులో మత్తు ఇచ్చారు. నడుము కింద నేను లేను. తెర అవతల సుత్తి చప్పుడు వినిపిస్తోంది. ఆ దెబ్బలు పడుతున్నది నా ఎముక మీదే అని తెలుస్తోంది కానీ నొప్పి లేదు. అంతకంటే నిస్సహాయంగా ఎప్పుడూ పడుకుని ఉండలేదనుకున్నాను. ముందు ముందు ఏముందో అప్పటికి తెలియదు.

మరుసటి రోజు వాకర్ పట్టించి నిలబెట్టారు. నేర్పించిన ఫిజియోథెరపిస్ట్ నలభై ఏళ్ల ఆవిడ, భీమవరం వైపు మనిషి. నన్ను మామ్మగారూ అనేది. నాలుగో రోజు డిశ్చార్జ్. కాగితంలో "ఫిజియో చెప్పిన ప్రకారం" అని ఒక్క ముక్క ఉంది. ఫిజియో ఆవిడ నా గది గుమ్మంలో నిలబడి, మూతికి మాస్కుతో, గబగబా చెప్పింది. పక్క గదివాళ్లు పిలుస్తున్నారు. నేను పడుకునే రాసుకున్నాను. పాదం ఆడించడం, తొడ బిగించడం, మోకాలు వంచడం. చివరిది: "మడత కింద దిండు. రోజుకు మూడు సార్లు."

మడత అంటే మోకాలు మడిచే చోటు. అలాగే చేశాం. సుశీల దిండు మోకాలి కింద సర్దేది. కాలు కొంచెం వంగి, దూది మీద పెట్టినట్టు ఉండేది. చేసిన వ్యాయామాలన్నిటిలో అదొక్కటే హాయిగా ఉండేది. హాయిగా ఉంది కదా అని పడుకునేటప్పుడు కూడా తీయలేదు. పద్నాలుగో రోజు మా ఊళ్లోనే నర్సు వచ్చి కుట్ల పిన్నులు తీసింది. పుండు శుభ్రంగా మానిందని చెప్పి పోయింది. కాలు చాపమని అడగలేదు.

ఆ రోజుల్లో కష్టం నొప్పి కాదు. కమోడ్ మీద కూర్చుని "సుశీలా, అయింది" అని పిలవడం. చిన్నప్పుడు నేను కడిగిన పిల్ల నన్ను కడిగేది. "సిగ్గుపడతాండావా? నాకు నువ్వు జేసింది బాకీ తీరుస్తాండాలే" అని నవ్వేది. నేను గోడ వైపు చూసేదాన్ని.

ఇరవై నాలుగో రోజు ప్రొద్దుటూరుకు చూపించుకోవడానికి పోయాం. డాక్టరు కాలు చాపమన్నారు. చాపాను. చాపానని అనుకున్నాను. ఆయన మోకాలి కింద చెయ్యి దూర్చారు. చెయ్యి సులభంగా దూరింది.

"ఎక్స్‌టెన్షన్ రాలేదు. కాలు తిన్నగా చాపడానికి ఇరవై డిగ్రీలు తక్కువ. వ్యాయామం చేయడం లేదా అమ్మా?"

నాకు ఒళ్లు మండింది. నోటుబుక్కు తెరిచి చూపించాను. పంతొమ్మిది రోజులు, రోజుకు మూడు, యాభై ఏడు టిక్కులు. ఒక్కటీ తప్పలేదు. ఆయన ఫిజియో ఆవిడను పిలిచారు. ఆమె, "దిండు ఎలా పెడుతున్నారో ఒకసారి చూపించండి" అంది.

సుశీల పరీక్షలో బాగా చదివిన పిల్లలాగా ముందుకొచ్చి, దిండు తట్టి, మోకాలి కింద పెట్టింది.

ఆవిడ ఆ దిండు తీసి పక్కన పెట్టింది. "మోకాలి కింద కాదండీ మామ్మగారూ. మడమ కింద అన్నాను."

"మడత అన్నారు. ఇదిగో రాసుకున్నాను" అన్నాను.

"మడత అనలేదండి. మడమ."

"మడమంటే యాడుంటాది?" అంది సుశీల.

ఆవిడ నా పాదం వెనక వేలు పెట్టి చూపింది.

"గుదికాలా? గుదికాలని జెప్పింటే పోయేది గదమ్మా. మడమంట మడమ. మా ఊర్లో ఆ మాట ఎవురంటారు?"

మడమ అనే మాట నాకు తెలియనిది కాదు. పుస్తకాల్లో ఎన్నోసార్లు చదివాను. అయితే మా ఇళ్లలో అది నోటి మాట కాదు, గుదికాలే. మాస్కు వెనక నుంచి వచ్చిన కొత్త మాటకు బదులు నా చెవి తెలిసిన మాటను ఇచ్చింది, చెయ్యి దాన్ని రాసింది. ఒక్క అక్షరం. ఆఫీసులో నకలు రాశాక అసలుతో సరిచూడకుండా ఎప్పుడూ సంతకం పెట్టలేదు. నా కాలికి మాత్రం సరిచూసుకోలేదు.

డాక్టరు చెప్పింది నెమ్మదిగానే చెప్పారు. దిండు మోకాలి కింద ఉంటే వెనక నరాలు, కండ కురచబడతాయి. మడమ కింద ఉంటే మోకాలు గాలిలో ఉండి తన బరువుతో తానే చాపుకుంటుంది. "ఇప్పుడైనా వస్తుంది. అయితే నొప్పి ఎక్కువ. పూర్తిగా వస్తుందని మాట ఇవ్వలేను."

ఇంటికొచ్చి మొదలుపెట్టాం. మడమ కింద దిండు, మోకాలి మీద కిలో ఉప్పు పాకెట్టు. ఐదు నిమిషాలు కావడానికి గంట పట్టినట్టుండేది. పంతొమ్మిది రోజుల హాయికి కాలు వడ్డీ అడుగుతోంది. నేను ఏడ్చేదాన్ని. సుశీల గడియారం చూస్తూ, "ఇంగా రెండు నిమిషాలుండాది. అన్నీ రాస్తావు గదా, దినానికి ఎన్ని ఏడుపులో అదీ రాసుకో" అనేది. రాశాను కూడా. ముప్పై మూడో రోజు కొలిపిస్తే పద్దెనిమిది. తొమ్మిది రోజులకు రెండు డిగ్రీలు. టిక్కులు పెట్టడం ఆపేశాను. నేను ఎంత సరిగ్గా చేసినా కాలు దాని ఇష్టం వచ్చినట్టే వస్తుందని అప్పటికి అర్థమైంది.

నలభయ్యో రోజు పద్నాలుగు. వాకర్‌తో నడుస్తాను, గడప దాటలేను. సుశీల భర్త, మా మరిది, తోట నుంచి ఫోను చేసి, కాయలు కోసేవాళ్లు వచ్చారని చెప్పాడు. సుశీల నా బట్టలు సంచిలో పెట్టడం మొదలుపెట్టింది.

"ఇంటికి తాళమెయ్యి. నోటుబుక్కు ఎత్తుకో. నడువు, పోదాం."

"నడిచేట్టుంటే నీ వెంట ఎందుకొస్తాను?"

"అందుకే ఆటో జెప్పినా."

ఎనిమిదేళ్లలో మొదటిసారి నా ఇంటి తాళం ఇంకొకరు వేశారు. నేను ఆటోలో కూర్చుని చూశాను.

లింగాలలో అరవై రెండు రోజులు ఉన్నాను. మరిది ఇంట్లో ఉంటాడు కాబట్టి "అయింది" అని పిలవలేక, వాకర్ మీద స్టీలు గ్లాసుతో రెండు దెబ్బలు కొట్టేదాన్ని. వారానికి రెండు సార్లు పులివెందులకు తీసుకుపోయి ఫిజియో చేయించేవారు. పదకొండు. తొమ్మిది. తొమ్మిది. ఏడు. గ్లాసు చప్పుడు చేయకుండా నేనే లేచి వచ్చిన రోజు తేదీ రాసి, కింద గీత గీశాను.

ఇప్పుడు మళ్లీ జమ్మలమడుగులో నా ఇంట్లోనే ఉన్నాను. చేతికర్రతో వంట చేసుకుంటున్నాను, తలుపు నేనే వేసుకుంటున్నాను. ఐదు డిగ్రీలు మిగిలాయి. ఇక అవి పోవని డాక్టరు చెప్పారు. కొంచెం వంకరగా నడుస్తాను. ఎడమ మోకాలు దసరా తర్వాత.

ఆఫీసు పద్ధతిలో నోటుబుక్కు దిద్దాను. "మడత" మీద అడ్డగీత గీసి, పైన "మడమ" అని రాసి, పేజీ అడుగున "కొట్టివేత ఒకటి, చేర్పు ఒకటి" అని సంతకం చేశాను.

ఇలాంటి ఆపరేషన్‌కు పోయేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే. ఎంత చదువుకున్నవాళ్లయినా చెప్పింది రాసుకుని ఊరుకోకండి. అది ఎక్కడో మీ ఒంటి మీదే వేలు పెట్టి చూపించమనండి. తర్వాత మీతో వచ్చినవాళ్ల చేత, చెప్పినవాళ్ల ఎదుటే ఒకసారి చేయించండి. చెప్పినవాళ్లు "అంతే" అన్నాకే ఇంటికి రండి.

ఎడమ కాలికి పోయేటప్పుడు పాదం వెనక పెన్నుతో "మడమ" అని రాసుకుని పోతానని ఫోనులో సుశీలకు చెప్పాను.

"మళ్లా అదే మాటనా? దిండు పెట్టేది నేను. నాకు తెలిసేట్టు రాయక్కా" అంది.

గుదికాలనే రాస్తాను.