ఖర్జూరపు పాకం గది

దయ్యాలంటే నాకు నవ్వు. నేను నర్సును. శవాల గది పక్కన ఎన్ని రాత్రులు డ్యూటీ చేసినా ఏ దయ్యమూ వచ్చి పలకరించలేదు. అందుకే ఇది చెప్పడానికి ఇన్నేళ్లు వెనకాడాను.

2000 దాటిన కొత్తలో సౌదీలోని దమ్మామ్‌లో ఉండేవాళ్లం. మాది కడప. మా ఆయనకు షుగరు. అయినా రంజాన్ అయిపోయాక వచ్చే షవ్వాల్ నెలలోని ఆరు రోజాలు కూడా వదిలేవాడు కాదు. మాత్ర వేసుకుని ఉపవాసం వద్దని మొత్తుకున్నా వినడు, మొండిఘటం. అలాంటి రోజా నాడే ఒక పాత ఇంటి మ్యూజియం చూడ్డానికి బయల్దేరాం; షుగరు పడిపోతే పనికొస్తాయని నా సంచిలో ఉంచే చాక్లెట్లు కూడా ఆ పొద్దున తీసి అలమరలో పెట్టేశాడు.

"రోజా ఉండే దినం ఇవి ఏంటికి రజియా?"

దమ్మామ్ పక్కనున్న ఖతీఫ్ ఖర్జూరపు తోటల్లో ఒక ముసలాయన తన పాత మట్టి ఇంటినే మ్యూజియం చేశాడు. ఒకప్పుడు ఖర్జూరపు పాకం తీసిన ఇల్లది. చివరి గదిలో నేలంతా సన్నని కాలువలు. వాటిమీద ఖర్జూరం బస్తాలు పేర్చితే, బరువుకు పాకం కారి మూలనున్న కుండలోకి చేరేదట. ఆ పని మానేసి చాలా ఏళ్లయిందని చెప్పి ఆయన నమాజుకు వెళ్లాడు.

మేమిద్దరమే మిగిలాం. మా ఆయన ఉన్నట్టుండి గోడకు జారగిలబడ్డాడు. ఒళ్లంతా చెమట. పిలిస్తే పలకలేదు. షుగరు పడిపోయిందని నాకు తెలిసిపోయింది. సంచి బోర్లించాను. తాళాలు, చేతిరుమాలు తప్ప ఏమీ లేవు. బయటికెళ్లి అరిచాను. చుట్టూ తోటలే, మనిషి లేడు, కొట్టు లేదు. వార్డులో ఇలాంటివాళ్లను ఎందరినో చూశాను గానీ, నా మనిషి కళ్లముందే పోతాడేమోనని ఖాళీ సంచినే మళ్లీ వెతికాను.

అప్పుడు వినిపించింది, మూలనున్న కుండలో ఏదో బొట్టు బొట్టుగా పడుతున్న చప్పుడు. చీకట్లో చెయ్యి పెట్టాను. వేళ్లకు చిక్కగా, వెచ్చగా తగిలింది. మింగలేడని దవడ లోపల రాశాను. మళ్లీ మళ్లీ రాశాను. కాసేపటికి కళ్లు తెరిచాడు.

"నా రోజా చెడగొడితివి కదే," అన్నాడు. ఏడుస్తూనే తిట్టాను.

ముసలాయన వచ్చాక, మీ పాకమే కాపాడిందని చెప్పాను. ఆయన అయోమయంగా కుండలోకి టార్చి వేశాడు. అడుగు పగిలిన కుండ. లోపల దుమ్ము. మూతికి అడ్డంగా ఉన్న సాలెగూడు చెదరనైనా లేదు. ఆయన నా వేళ్లవైపు చూసి, ఏదో దువా చదువుతూ వెనక్కి జరిగాడు. నా వేళ్లు ఇంకా జిగటగానే ఉన్నాయి.

ఇప్పుడు రోజా రోజున చాక్లెట్లు ఆయనే నా సంచిలో వేస్తాడు.

కంగారులో భ్రమపడ్డావని మావాళ్లంటారు. పడ్డాననే అనుకుందాం. కానీ ఆ సాయంత్రం ఆయన్ను తిన్నగా ఆసుపత్రికి తీసుకెళ్లి నా చేత్తో నేనే పరీక్ష చేశాను. షుగరు మామూలుగా ఉంది. నాది భ్రమే అయితే, ఆయన నెత్తురులోకి ఆ తీపి ఎక్కణ్ణించి వచ్చింది?