బ్రౌజర్ బాబాయ్

బ్రౌజర్ బాబాయ్‌కి ఒకటే జబ్బు. ఎవరు ఏం కావాలన్నా, "బ్రౌజర్లోనే ఉంది కదమ్మా, దానికి ఫ్రేమ్‌వర్క్ ఎందుకు?" అంటాడు. వెబ్‌సైట్లకోసం ఎవరో ముందే రాసిపెట్టిన బరువైన కోడు మూటలంటే, అవి ఫ్రేమ్‌వర్కులైనా లైబ్రరీలైనా, ఆయనకి పడదు. కిటికీ తెరవమన్నా ఇదే జవాబు వస్తుందేమోనని ఆఫీసులో అందరికీ భయం.

డెబ్బై నాలుగు వెబ్‌సైట్లు కట్టిన చెయ్యి ఆయనది. ఊరి బళ్లో పలక మీద దిద్దుకున్నవాణ్ణి ఇంతవాణ్ణయ్యానని రోజుకోసారి చెప్పుకోకపోతే తిన్నది అరగదు.

కొత్తగా చేరిన అమ్మాయి నెల రోజులు కష్టపడి ఆస్పత్రి అపాయింట్‌మెంట్ల పేజీ తయారుచేసింది. సోమవారం ఆస్పత్రివాళ్లు మెచ్చితేనే ఆమె ఉద్యోగం ఖాయం. బాబాయ్ జేబులోంచి అద్దం పగిలిన పాత ఫోను తీసి ఆ పేజీ తెరిచాడు. నిమిషం గడిచినా తెర తెల్లగానే ఉంది.

"సున్నం కొట్టిన గోడలా ఉందమ్మా!"

"ఇలాంటి ఫోను ఈ రోజుల్లో ఎవరు వాడతారు బాబాయ్?" అంది అమ్మాయి.

"నేను వాడతాను. తేదీ ఎంచుకోడానికి ఏం పెట్టావు?"

"క్యాలెండర్ లైబ్రరీ."

"బ్రౌజర్లోనే ఉంది కదా! 'ఖాయం చేయమంటారా?' అని అడిగే పెట్టెకో?"

"ఇంకో లైబ్రరీ."

"అదీ ఉంది కదా!"

రెండు రోజులు పక్కనే కుర్చీ వేసుక్కూర్చుని ఒక్కొక్కటే పీకించాడు. నిమిషానికోసారి మారే డాక్టర్ల డ్యూటీ బోర్డు దగ్గర మాత్రం ఆగాడు. "ఇది ఆస్పత్రి కంప్యూటర్లోనే చూస్తారు. దీనికి నీ ఫ్రేమ్‌వర్కే ఉంచు." ఆఫీసంతా తలలెత్తి చూసింది.

బాబాయ్ భోజనానికి లేచిన వేళ బల్ల మీది పాత ఫోను మోగింది. అమ్మాయి ఎత్తింది.

"అమ్మా, వీడియో ఎత్తవేంటే? పాప నడుస్తోంది!" అంది అవతలినుంచి ఒక ఆడగొంతు.

ఇది ఎవరి ఫోనో అడుగుదామని అమ్మాయి దాన్ని పట్టుకుని బయటికి పరుగెత్తింది. వరండా తుడుస్తున్న పెద్దమ్మ చేతిసంచిలో బాబాయ్ కొత్త ఫోను మోగుతోంది.

"ఆ పాతది నాదేనమ్మా. పరీక్షలకి కావాలని తీసుకుని, మనవరాల్ని చూసుకోమని బాబాయ్ గారు ఇది ఇచ్చారు. పోయినేడు దాంట్లో ఆస్పత్రి పాత పేజీ తెరుచుకోక, రెండు బస్సులు మారి వెళ్లినా కళ్లడాక్టరు దొరకలేదు. ఆ సంగతి ఒక్కసారి చెప్పానంతే."

సోమవారం పాత ఫోనులో పేజీ రెప్పపాటులో తెరుచుకుంది. ఆస్పత్రివాళ్లు సరేనన్నారు. మొదటి అపాయింట్‌మెంట్ పెద్దమ్మకే దక్కింది.

"డెబ్బై అయిదోది!" అంటూ బాబాయ్ కళ్లు చికిలించి తెర మీదికి వంగాడు. "అక్షరాలు చీమల్లా ఉన్నాయి తల్లీ. పెద్దవి చేసే లైబ్రరీ ఏదైనా ఉందా?"

"బ్రౌజర్లోనే ఉంది కదా బాబాయ్!" అంటూ అమ్మాయి అక్షరాలు పెద్దవి చేసింది.

కళ్లడాక్టరు దగ్గర రెండో అపాయింట్‌మెంట్ ఆయన పేరు మీదే ఉంది.