డొంకకు కంచె, నాకు బదిలీ

మా వైపు మామిడికాయలు దిగే రోజుల్లోనే ప్రభుత్వోద్యోగులకు బదిలీలూ వస్తాయి. ఈ రెండూ కలిసిరావడం ఎవరి పుణ్యమో తెలీదు గానీ, మా నాయకుడిగారి ఇంటి ముందు పందిరి కింద మాత్రం కాయల బుట్టలకు కొదవుండదు. ఆయనది ఏ పార్టీ అని అడక్కండి. పార్టీ మారినా పందిరి అదే, బుట్టలూ అవే, మోసుకెళ్ళేవాళ్ళమూ మేమే.

నేను మండలాఫీసులో సీనియర్ అసిస్టెంటుని. ఇంటి నుంచి స్కూటీ మీద పావుగంట. అప్పుడే మా అత్తగారికి కంటి ఆపరేషన్ అయింది. చుక్కలు నేను వేస్తేనే కన్ను తెరిచేవారు, కన్నకొడుకు వేస్తే బిగించి మూసేసుకునేవారు. కాబట్టి దూరం బదిలీ అంటే నాకు కుదరని పని. ఆ సంగతి నాయకుడిగారి బావమరిదికీ తెలుసు.

ఆ బావమరిది తన తోట పక్కనున్న డొంకని కలిపేసుకుని కంచె వేశాడు. డొంకంటే తోటల మధ్య బళ్ళు నడిచే ప్రభుత్వ దారి. అవతలి తోటలన్నిటికీ, మా రెండెకరాలతో సహా, అదే దారి. కంచె వేసి ఊరుకున్నాడా, ఆ స్థలం తన పేర రాయమని అర్జీ కూడా పెట్టాడు. అది నా బల్ల మీదకొచ్చింది. పటం చూశాను, వెళ్ళి నేలా చూశాను, ఇది డొంక, ఇవ్వడానికి వీల్లేదు, కంచె తీయించాలి అని రాసి పైకి పంపాను. మా తహసీల్దారుగారు మంచాయన. మంచాయన కాబట్టి దాని మీద సంతకం పెట్టనూ లేదు, తిప్పి పంపనూ లేదు. “చూద్దామమ్మా” అన్నారు. రోజూ చూస్తూనే ఉన్నారు.

ఓ రోజు బావమరిది వచ్చి నా ఎదుట కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“మేడంగారూ, ఏజెన్సీ కొండల వైపు గాలి చాలా బాగుంటుందంటండీ. పోస్టులు కూడా ఖాళీగా ఉన్నాయంట.”

“అయితే మీరు వెళ్ళి పీల్చుకు రండి. నాకిక్కడి గాలి చాలు. ఆ కంచె తీస్తే ఇంకా బాగా ఆడుతుంది.”

అతను ఉన్నంతసేపూ ఆఫీసంతా ఫైళ్ళలో మొహాలు దాచుకుని నవ్వింది. వెళ్ళగానే అందరూ కట్టకట్టుకుని నాకు బుద్ధి చెప్పారు. ఓ బుట్ట పట్టుకెళ్ళి నాయకుడిగారికి కనపడండి, నాలుగు మాటలు మెత్తగా మాట్లాడండి అని. బుట్ట సరే, మెత్తగా మాట్లాడ్డం ఎక్కడ దొరుకుతుందో ఎవరూ చెప్పలేదు.

చివరికి నన్ను గెంటింది అత్తగారే. ఆదివారం చర్చి నుంచి రాగానే, మగ్గేసిన పెద్ద రసాల్ని ఒంటికంటితో, చేత్తో తడుముతూ ఏరి, వరిగడ్డి పరిచి బుట్టలో సర్దారు. బుట్ట మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకున్నారు.

“ప్రభువా, దీని ఉద్యోగం కాపాడు. దానికంటే ముందు దీని నోటికో కాపలా పెట్టు.”

నేనూ మనస్ఫూర్తిగానే ఆమెన్ అన్నాను.

పందిరి కింద టీచర్లు, నర్సమ్మ, లైన్‌మాన్, మా వైపు రైతులు. ఎవరి కాళ్ళ దగ్గర చూసినా కాయలే. సొంతానికి పెద్ద తోటలున్న మనిషికి మామిడిపళ్ళు పట్టుకెళ్ళడం ఏంటని ఒక్కరికీ తోచలేదు. నాకూ తోచలేదు.

“ఏమ్మా, నువ్వూ కాయలేనా? నాకు షుగరమ్మా, ముట్టుకోవద్దన్నారు” అన్నాడాయన. కానీ తోటలో పుట్టిన చెయ్యి ఊరుకోదు కదా. ఓ రసం తీసి వేలితో నొక్కాడు. తొడిమ కింద నల్లమచ్చ. ఇంకోటి తీశాడు. దానికీ అదే.

“ఎవరి తోటమ్మా ఇది? బంగారంలాంటి రసాల్ని ఇలా కుళ్ళబొడిచి తెస్తారా?”

బదిలీ గురించి దారంతా వల్లించుకున్న మాటలు ఎటు పోయాయో. నన్నేమన్నా పడేదాన్ని, మా కాయని అన్నాడు.

“కాయనేం అనకండి. డొంకలో ట్రాక్టరు మీదొస్తే ఇలా అయ్యేవి కావు. డొంక మూసేస్తే కాలవ గట్టు మీద స్కూటీకి కట్టుకుని, గుంతల్లో ఎగరేసుకుంటూ తెచ్చాం. మూసిందెవరో మీ ఇంట్లోనే అడగండి.”

వెనక నిలబడ్డ బావమరిది ముందుకొచ్చాడు. “బావా, ఆవిడ తోటకి దారి అదే. అందుకే నాకు అడ్డంగా రాసింది.”

“నాకు తోటే లేకపోయినా డొంక డొంకే. నా మీద నమ్మకం లేకపోతే ఇంకొకరి చేత కొలిపించండి, నేను పక్కకి తప్పుకుంటాను.”

ఈలోగా వెనక నుంచి ఓ ముసలి రైతు తన బుట్ట మీద గడ్డి లాగేశాడు. “మావీ చూడండి బాబూ.” ఆ పక్కాయనా లాగాడు. అటువైపు తోటల కాయలన్నిటికీ అవే మచ్చలు.

నాయకుడిగారు చేతిలో పండునీ బావమరిదినీ మార్చి మార్చి చూశాడు.

“నాకెలాగూ తినే యోగం లేదు. తినేవాళ్ళకైనా మంచి కాయ దక్కనివ్వవేంట్రా?”

పందిరంతా గొల్లుమంది. ఆయన అక్కడే తహసీల్దారుగారికి ఫోన్ చేశాడు. సాయంత్రానికి కంచె లేదు.

ఇంట్లో అందరూ సంబరపడుతుంటే నాకు మాత్రం ఒళ్ళు మండింది. పటం కదల్చలేనిది, నా రాత కదల్చలేనిది, ఒక్క ఫోన్ కదిల్చింది! న్యాయమైన పనికీ ఆ ఫోనే కావాలా? రేపు ఆయనకి బావమరిది మీద మళ్ళీ ప్రేమ పుట్టుకొస్తేనో?

మర్నాడే ఫైలు పట్టుకుని తహసీల్దారుగారి ముందు నిలబడ్డాను.

“కంచె తీసేశాంగా అమ్మా, ఇంకా ఇదెందుకు?”

“ఫోన్ మీద ఊడిన కంచె ఫోన్ మీదే లేస్తుందండీ. ఇప్పుడు మీకు భయం కూడా లేదుగా, పెట్టండి.”

ఆయన నవ్వలేక నవ్వి సంతకం పెట్టారు.

బదిలీల జాబితాలో నా పేరు లేదు. “ఆవిణ్ణి ఏజెన్సీకి పంపితే అక్కడివాళ్ళేం పాపం చేశారు?” అన్నాడట నాయకుడిగారు. దేవుడు కాపలా పెట్టలేదు గానీ ఉద్యోగం మాత్రం కాపాడాడని అత్తగారు చుక్కలు వేయించుకుంటూ స్తోత్రం చెప్పారు.

ఇప్పుడు పొద్దున్నే తోటకెళ్ళి ఆ డొంకలోంచే ఆఫీసుకి వెళ్తున్నాను. ముందు కాయల ట్రాక్టరు, వెనక దుమ్ములో నేను. హారన్ కొట్టినా ఒక్కడూ పక్కకి తీయడు. దిగి తిట్టినా నవ్వుతారే గానీ జరగరు.

“లేటేంటమ్మా?” అంటారు తహసీల్దారుగారు.

“మీ సంతకమేనండీ” అంటాను.