మామగారి కంప్యూటర్‌ను నేను బాగుచేసిన విధం

కొత్త అల్లుడిగా నాకున్న పరువు జహీరాబాద్‌లోని ఒక పెళ్లికార్డుల దుకాణంలో పోయింది. దాన్ని ఎవరూ తీయలేదు. నేనే స్వహస్తాలతో, అదీ ఎవరూ అడక్కుండానే తీసుకున్నాను. చదువుతూ నవ్వొస్తే మొహమాటపడకండి. మా ఇంట్లో ఇప్పటికీ ఎవరూ పడరు.

నేను కోహీర్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెబుతాను. ఈ వాక్యం రాస్తుంటేనే చెవులు వేడెక్కుతున్నాయి. మా మామగారు నర్సింలుకు జహీరాబాద్‌లో కార్డులు అచ్చువేసే దుకాణం ఉంది. వెనక ఇల్లు, ముందు దుకాణం. అందులో ఒక పాత కంప్యూటర్. దాని మీదే కార్డులు తయారుచేస్తాడు.

పెళ్లయిన కొత్తలో ఒక ఆదివారం నేనూ నా భార్య సునీతా వాళ్లింటికి వెళ్లాం. భోజనమయ్యాక నిద్రపోయి ఉంటే ఈ కథ ఉండేది కాదు. నేను దుకాణంలోకి వెళ్లాను.

"మామా, ఇందులో లినక్స్ అని ఇంకో సిస్టమ్ పెడదామా? గుర్రంలా ఉరుకుతుంది."

"ఎందుకు అల్లుడా? ఇది మంచిగనే నడుస్తున్నది గదా."

"మీ కంప్యూటర్‌ను ముట్టుకోను మామా! నా దగ్గర విడిగా ఈ హార్డ్ డిస్క్ ఉంది. అంతా దీంట్లోకే ఎక్కిస్తాను. ఇది తగిలిస్తే ఏది కావాలో అడుగుతుంది. తీసేస్తే మీ పాత విండోస్ మీకే."

ఆయన డిస్క్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, "మీరు చదువుకున్నోళ్లు, మీకెరుక" అని కుర్చీ ఇచ్చేశాడు. పాపం, నమ్మాడు.

ఎక్కించడం సాఫీగా సాగింది. మధ్యలో అది ఒకే ఒక్క ముఖ్యమైన ప్రశ్న అడిగింది. కంప్యూటర్ లేవగానే ఏ సిస్టమ్ కావాలని అడిగే చిన్న ప్రోగ్రామ్ ఒకటుంటుంది కదా, దాన్ని ఏ డిస్క్‌లో పెట్టాలి? సరిగ్గా అప్పుడే సునీత చాయ్ తెచ్చింది.

"ఇంకా అయితలేదా?"

"అయిపోయినట్లే!" అని ఆ ప్రశ్న చదవకుండానే నొక్కేశాను. 'తెర మీద ఉన్నది చదివి నొక్కండ్రా' అని రోజూ క్లాసులో గొంతు చించుకునే మనిషిని.

దాంతో ఆ ప్రోగ్రామ్ మామగారి కంప్యూటర్‌లో కూర్చుంది. దానికి కావలసిన సరంజామా మాత్రం నా డిస్క్‌లో ఉంది. అంటే నా డిస్క్ లేకపోతే ఆ కంప్యూటర్‌కు తన పేరు కూడా గుర్తుండదు. ఈ సంగతి తెలియక నేను రెండు సిస్టమ్‌లూ నడిపి చూపించి, చప్పట్లు కొట్టించుకుని, డిస్క్ సంచిలో వేసుకుని సాయంత్రం భార్యతో కోహీర్ వెళ్లిపోయాను.

పొద్దున్నే ఫోన్.

"అల్లుడా, జర కంప్యూటర్ లేస్తలేదు. అంత నల్లగుంది. 'గ్రబ్ రెస్క్యూ' అని ఏదో రాసింది. మీరు పోయేటప్పుడు మంచిగుండె. నేనే ఏదో ఖరాబ్ చేసినట్టున్న. మాఫ్ చేయున్రి."

గ్రబ్ అంటే నేను ఎక్కించిన ఆ చిన్న ప్రోగ్రామ్ పేరే, నాకు ఆ క్షణంలోనే అంతా అర్థమైంది. 'కాదు మామా, తప్పు నాది' అనాలి. నాలుగు మాటలు. నా నోటి నుంచి వచ్చినవి వేరే.

"అప్పుడప్పుడు అట్ల అయితది మామా. ఫికర్ చేయకండి, వస్తున్నా."

వెళ్లేసరికి దుకాణంలో న్యాల్‌కల్ నుంచి వచ్చిన బక్కప్ప అనే ఆయన కూర్చుని ఉన్నాడు. కూతురి పెళ్లి. కార్డులో పెళ్లికొడుకు పేరుండాల్సిన చోట అతని తండ్రి పేరు పడింది. సరిచేసి మళ్లీ అచ్చువేయాలి. ఆయన ఎదురుచూస్తున్నాడు.

నేను మామగారిని నీళ్లు తెమ్మని లోపలికి పంపి, డిస్క్‌ను వెనకవైపు తగిలించి స్విచ్ వేశాను. కంప్యూటర్ లేచి కూర్చుంది.

మా అత్త మాణెమ్మ గుమ్మంలోంచి చూసింది. "అల్లుని చెయ్యి పడంగనే లేసింది, సూడున్రి!" ఆ మాట ఎంత గట్టిగా అందంటే, పక్క చాయ్ హోటలాయన పాడైన తన రేడియో పట్టుకుని వచ్చాడు.

డిస్క్ అక్కడే వదిలేయొచ్చు కదా అంటారా? మధ్యాహ్నం క్లాసు పాఠాలన్నీ అందులోనే ఉన్నాయి. కంప్యూటర్ నడుస్తుండగానే డిస్క్ మెల్లగా లాగేసి, గంభీరంగా చెప్పాను.

"మామా, దీన్ని బంద్ చేయకండి."

"ఎప్పటిదాంక?"

"నేను మళ్లీ వచ్చేదాకా."

"కరెంట్ పోతే?"

"పోదు మామా."

కరెంటు శాఖ నా మాట వినలేదు. కార్డులో పేరు సరిచేయకముందే కరెంటు పోయిందని, నేను కోహీర్‌లో బస్సు దిగకముందే ఫోన్ మోగింది.

క్లాసు కాగానే మళ్లీ బయలుదేరాను. ఈసారి సునీత కూడా వచ్చింది. వెళ్లేసరికి మానిటర్‌కు నిమ్మకాయలూ మిరపకాయలూ వేలాడుతున్నాయి. "దిష్టి తగిలింది బిడ్డా" అంది అత్త. బక్కప్ప ఇంకా అదే బల్ల మీద ఉన్నాడు. అరిచి ఉంటే నాకు హాయిగా ఉండేది. ఆయన అరవలేదు. "రేపు రాయికోడ్ దిక్కు చుట్టాలకు పంచాలె నర్సిమన్నా, ఎట్ల మరి?" అని మాత్రం అడిగాడు.

ఆయన ముందు మా మామ చేతులు జోడించాడు. "నా తప్పే అన్నా. అల్లుడు మంచిగ చేసిపెట్టిండు, నేనే నడుపలేకపోయిన."

భూమి చీలితే దూకుదామనుకున్నాను గానీ దుకాణంలో గచ్చు గట్టిది. తల వంచుకుని కంప్యూటర్ వెనక్కి వెళ్లి, సంచిలోంచి డిస్క్ తీస్తున్నాను. తలెత్తితే సునీత.

"అది పెడితేనే లేస్తదా?" గుసగుసగా అడిగింది.

"ఆ."

"పొద్దటి సంది మా నాయిన తనను తాను తిట్టుకుంటున్నడు. మీరు చెప్తరా, నేను చెప్పాల్నా?"

నేనే చెప్పాను. చదవని ప్రశ్న నుంచి దొంగతనంగా తగిలించిన డిస్క్ దాకా అంతా చెప్పాను. అత్త నిమ్మకాయల దండ వంక ఒకసారి, నా వంక ఒకసారి చూసింది. ఏది ఎవరికి కట్టాల్సిందో లెక్కవేసుకున్నట్లుంది. మామ కుర్చీని నా వైపు జరిపాడు. "ముందుగాల బక్కప్ప కార్డులు కానీయున్రి" అన్నాడు.

డిస్క్ తగిలించి, పేరు సరిచేసి, కార్డులు అచ్చయ్యేదాకా నేనే నిలబడి మడతపెట్టాను. బక్కప్ప కట్టలు సంచిలో సర్దుకుని, ఒక కార్డు నాకే ఇచ్చాడు. "పెండ్లికి రాండ్రి సారూ. ఆడ కంప్యూటర్ ఉండదు."

మర్నాడు కాలేజీకి సెలవు పెట్టి, విండోస్ రిపేరు చేసే పెన్ డ్రైవ్‌తో కూర్చుని, ఈసారి తెర మీది ప్రతి అక్షరం పైకి చదివి మరీ నొక్కాను. బయటి డిస్క్ ఏదీ లేకుండానే కంప్యూటర్ లేచింది. బతికాననుకుని నా డిస్క్ తీసి సంచిలో వేసుకోబోతుంటే మామ చెయ్యి అడ్డం పెట్టాడు.

"అది ఈడనే ఉండనీండ్రి అల్లుడా."

"ఇక దాని అవసరం లేదు మామా. పూర్తిగా బాగైంది."

"బాగైంది, నాకెరుకే. కానీ మీరు వస్తపోతుంటరు గదా."

అని డిస్క్‌ను సొరుగులో పెట్టి తాళం వేశాడు.

అందుచేత, మహాజనులారా, మా అత్తగారింటి గుమ్మం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఆ ఇంట్లో కరెంటుతో నడిచే ఏ వస్తువునూ ముట్టను. ఫ్యాను తిరక్కపోతే విసనకర్రతో విసురుకుంటాను. లైటు వేయమని అడిగినా సరే, ముందు మామగారి అనుమతి తీసుకుంటాను.