సన్నబడ్డానని మెచ్చుకున్నవాళ్లు

పెళ్లి ఫొటోల్లో మావాళ్లు నన్నెప్పుడూ వెనక వరసలోనే నిలబెట్టేవారు. నేను ముందుంటే ఇంకో ఇద్దరు కనబడరట. అలాంటిదాన్ని, కడుపులో క్యాన్సర్ వచ్చి కీమో మొదలయ్యాక చుట్టాలందరికీ ముద్దొచ్చాను.

వన్ టౌన్‌లో మా చీరల కొట్టుకు వచ్చినవాళ్లు చీరలొదిలేసి నన్ను చూసేవారు. "ఎంత నాజూగ్గా అయ్యారండీ!" అని మురిసిపోయేవారు. మా ఆయనైతే నేను రెండు ముద్దలతో లేచిపోవడం చూసి, "పోన్లే, షుగరన్నా అదుపులో ఉంటుంది" అన్నారు. రోగంలోనూ లాభం వెతకడం వ్యాపారస్తుడికే చెల్లింది.

మంగళగిరిలో మా ఆడపడుచు గృహప్రవేశం. నా జబ్బు సంగతంతా తెలిసిన మనిషే. భోజనాల దగ్గర నా పక్కన కూర్చుని గొంతు తగ్గించి, "వదినా, నిజం చెప్పు, పొద్దున్నే ఏం తింటున్నావు?" అంది. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట వెనకటికొకడు.

"క్యాన్సర్ తెచ్చుకోమ్మా, ఇట్టే తగ్గుతావు" అన్నాను.

"నీ జోకులు మాత్రం తగ్గలేదు" అని నవ్వి, నా విస్తట్లో వడ్డించిన బూరె తీసి తన విస్తట్లో వేసుకుంది. కష్టపడి తగ్గినదాన్ని పాడు చేసుకోకూడదట.

ఆ వారమే ఆస్పత్రిలో తూకం. డైటీషియన్ అమ్మాయి కాటా చూసి, నా జబ్బ నొక్కి చూసి, మొహం ముడుచుకుంది.

"కరుగుతోంది కొవ్వొక్కటే కాదమ్మా, కండ కూడా. మీరు లావు కాబట్టి ఎవరికీ తెలియట్లేదు. ఇంకా తగ్గితే డాక్టరు గారు కీమో ఆపేస్తారు, మీరు తట్టుకోలేరని."

ఇన్నాళ్లూ వీళ్లంతా నన్ను మెచ్చుకున్నది చావుకు దగ్గరవుతున్నందుకా?

ఆ రోజు నుంచి తినడమే నా ఉద్యోగమైంది. నోరంతా పూత. ఏది తిన్నా తుప్పు మేకు నాకినట్టుండేది. గుడ్డు, పెరుగు, నెయ్యి వేసిన పప్పు, వేరుశెనగ పొడి కలిపిన జావ, గంటగంటకూ ఇంత. మా ఆయన కొట్లోంచి ఫోన్ చేసి, బేరానికొచ్చినవాళ్ల ముందే "గుడ్డు తిన్నావా?" అని అరిచేవారు. వాంతయితే నోరు కడుక్కుని, అందరినీ తిట్టుకుంటూ మళ్లీ తినేదాన్ని.

తరవాతి తూకంలో తగ్గలేదు. ఆ పైదానికి కాస్త పెరిగాను కూడా. కీమో ఆగలేదు.

ఆ సాయంత్రం ఆటో దిగుతుంటే ఎదురింటావిడ నన్ను కిందికీ పైకీ చూసి, ఎంతో నొచ్చుకుంటూ అంది: "అయ్యో, మళ్లీ ఒళ్లు చేశారేంటండీ!"

ఆవిణ్ణి నడివీధిలో కావలించుకుని ఏడ్చేశాను. ఆ ఏడాది నాతో అంత మంచి మాట ఇంకెవరూ అనలేదు.