రెక్కల కింద రెండు చుక్కలు

ముందు చప్పుడు వినిపిస్తుంది. సన్నటి, పొడవాటి జుమ్మనే చప్పుడు. జెరాక్స్ షాపు పక్కనున్న మెట్లు సగం ఎక్కేసరికే చెవిలో దూరుతుంది. విన్నవాళ్ళ నాలుక వాళ్ళకు తెలియకుండానే వెళ్ళి పుచ్చిన పన్నును ఒకసారి తడుముకుంటుంది. ఆ చప్పుడు వస్తోందంటే పళ్ళాయన పనిలో ఉన్నాడని వీధిలో అందరికీ తెలుసు. ఆదివారం మధ్యాహ్నం వచ్చిందంటే మాత్రం పనిలో లేడని అర్థం.

ఆయన డాక్టరు కాడు. పంటి డాక్టర్లు పంపే అచ్చులు చూసి కట్టుడు పళ్ళు చేసే మనిషి. ఇరవై ఆరేళ్ళుగా అదే గది, కిటికీ పక్కన అదే బల్ల. బల్ల అంచున పళ్ళు లేని నోళ్ళ అచ్చులు వరసగా, ఏదో చెప్పబోయి ఆగిపోయినట్టు ఉంటాయి. ముందు పన్ను మరీ తెల్లగా ఉంటే నమ్మబుద్ధి కాదని, అంచున పాత టీ మరకంత పసుపు కలుపుతాడు. ఆయన చేసిన పళ్ళు పెట్టుకున్నవాళ్ళు ఎదురుగా నిలబడి నవ్వినా అవి పెట్టుడువని పక్కింటివాళ్ళు కూడా పోల్చుకోలేరు. ఎవరికీ తెలియకపోవడమే తన పనితనం అంటాడు. అనేటప్పుడు చూపు కిటికీలోంచి బయటికి పోతుంది. ఎవరికీ తెలియని పనితనంతో మనిషి ఎంతకాలమని కడుపు నింపుకుంటాడు?

విమానం అందుకే. పాత యుద్ధాల నాటి ఒంటి పంకా విమానానికి నాలుగడుగుల రెక్కలున్న నమూనా. ఫోమ్ పలకలను వేడి తీగతో కోసి, అంటించి, గరుకు కాగితంతో రుద్ది రుద్ది ఒళ్ళు నున్నగా తేల్చాడు. పంటికి గాడి పెట్టే సన్న మొనతో రేకుల అతుకులు గీశాడు. అతుకుల వెంట ఆవగింజంత మేకుతలలు చెక్కాడు. రంగు వేశాడు. వేసిన రంగునే అంచుల్లో గీకి, కింద వెండిరంగు కనబడనిచ్చాడు. ఎన్నో వానల్లో తిరిగొచ్చిన లోహంలా కనిపించేది. చేత్తో ఎత్తితే మాత్రం పసిపిల్ల దిండంత బరువు. లోపల కూర్చున్న బొటనవేలంత పైలట్‌కు, కట్టుడు పళ్ళ చిగుళ్ళకు వాడే గులాబీ ముద్దతో ముఖం చేశాడు. విమానం ముక్కు మీద తెరుచుకున్న సొరచేప నోరు చెక్కాడు. ఆ నోట్లో ఇరవై ఎనిమిది పళ్ళు, ఏ రెండూ ఒక రంగు కావు.

"రోజంతా పళ్ళు చేసొచ్చి, సెలవు రోజు మళ్ళీ పళ్ళేనా?" అంది భార్య. ఆమె గ్రంథాలయంలో పనిచేస్తుంది, గొంతు పెంచకుండా వాత పెట్టడం అలవాటు. "ఆ చేపకు పళ్ళు ఊడిపోతే మీ దగ్గరికే వస్తుందిలెండి."

ఆయనా నవ్వాడు. ఆ ఐదు నెలలూ ఆయన బాగా నవ్వాడు.

చిక్కల్లా ఒకటే. ఆయనకు కట్టడం వచ్చు, ఎగరేయడం రాదు. విమానం తనవైపు తిరిగి వచ్చేటప్పుడు కుడి ఎడమవుతుంది, ఎడమ కుడి అవుతుంది. అప్పుడు ఆయన బొటనవేళ్ళు రిమోట్ మీద బెదిరిన మేకపిల్లల్లా చెరో దిక్కూ పోతాయి. అంతకుముందు చేసిన మూడింటిలో ఒకటి కరెంటు తీగల్లో చిక్కింది, ఒకటి మురుగుకాలవలో మునిగింది, మూడోది ఇలాంటి విమానాలు ఎగరేసే మైదానంలో అందరికన్నా పెద్దవాడైన గాలి తాత స్కూటరు సీటును చీల్చుకుంటూ దిగింది.

ఎగరేయడం వచ్చినవాడు తోడల్లుడు. భార్య చెల్లెలి మొగుడు. లిఫ్టులు బాగుచేస్తాడు. వయసులో తొమ్మిదేళ్ళు చిన్న, మాటలో ఇంకా చిన్న. ఎదురుపడితే "అన్నయ్యా" అని చేతిలో సంచీ లాగేసుకుంటాడు. అతనికి ఈ పిచ్చి అంటించింది పళ్ళాయనే. మూడేళ్ళ కిందట, ఊరికే తోడుగా రమ్మని మైదానానికి తీసుకెళ్ళాడు. తన చేత్తో తన రిమోట్ ఇచ్చి, ఇలా పట్టుకోవాలని చూపించాడు. అతను పట్టుకున్నాడు. ఆ రోజు నుంచి పళ్ళాయనకు ఆదివారం పొద్దున్న టీ చేదుగా అనిపించడం మొదలైంది.

అతని విమానాన్ని విమానం అనడానికి పళ్ళాయనకు నోరు రాదు. టీవీ పెట్టెలో వచ్చిన థర్మోకోల్‌ను వంటింటి కత్తితో కోసి, పైన ప్యాకింగ్ టేపు చుట్టాడు. ఒక రెక్క మీద పెట్టె తాలూకు బాణం గుర్తు అలాగే ఉండిపోయింది, పక్కన "ఈ వైపు పైకి" అని. అతను దాన్ని తలకిందులుగా ఎగరేస్తాడు. నేలకు నడుమెత్తులో ఆ అక్షరాలు బోర్లాపడి మైదానం ఈ చివరినుంచి ఆ చివరకు వెళుతుంటే అందరూ కడుపు పట్టుకుని నవ్వుతారు. తర్వాత అది నిటారుగా పైకి లేస్తుంది. అంతెత్తున ఒక్క క్షణం ఏమీ కానట్టు ఆగుతుంది. నవ్వులు కూడా అక్కడే ఆగిపోతాయి. అప్పుడు దాని మీద టేపు కనిపించదు, కోత కనిపించదు. ఎండలో ఒక తెల్లటి ఊపిరి కనిపిస్తుంది.

పళ్ళాయన విమానాలను చూసి మనుషులు బాగుందంటారు. అని, తలెత్తి ఆ టేపు ముక్కనే చూస్తారు.

కొత్త విమానం పూర్తయిన శనివారం సాయంత్రం ఇంటి బల్ల మీద తూకం చూశాడు. రెక్కల కింద రెండు చూపుడువేళ్ళు పెట్టి ఎత్తాలి. రెక్క ముందంచునుంచి మూడంగుళాల దగ్గర ఎత్తితే ముక్కు ఒక తలూపినంత కిందికి వంగాలి. వంగితే విమానం మాట వింటుంది. తోక కిందికి జారితే గాల్లో దానికి దెయ్యం పట్టినట్టే, ఎవరి మాటా వినదు. ఇది జారింది. తోక వైపు వేసిన రంగులూ, తోక చక్రానికి మోజుపడి పెట్టిన ఇత్తడీ బరువెక్కాయి. దానికి మందు అందరికీ తెలిసిందే, ముక్కులో చిటికెడు సీసం. సొరుగులోంచి సీసం తీశాడు. యాభై గ్రాములు చాలు. రేపు తానే ఎగరేయాలనుకున్నాడు. ఏదైతే అదవుతుంది అనుకున్నాడు.

అప్పుడు వంటింట్లోంచి భార్య మాట వినిపించింది. చెల్లెలితో ఫోనులో మాట్లాడుతోంది. చాటుగా కూడా కాదు, కూర తరుగుతూ మామూలు గొంతుతోనే.

"ఐదు నెలల కష్టమే. ఈయన చేతిలో అయితే ఐదు నిమిషాలు కూడా బతకదు. మీ ఆయన్నే ఎగరేయమను. ఆ చేతికి దేవుడేదో పెట్టాడు."

అందులో అబద్ధం ఏమీ లేదు. అందుకే అది లోపలికి దిగింది. ఇరవై రెండేళ్ళ కాపురంలో తన చేతి గురించి ఆమె ఎప్పుడైనా దేవుడి మాట ఎత్తిందా అని వెతుక్కున్నాడు. వెతికినకొద్దీ చీకటి గదిలో అగ్గిపుల్లల్లా చిన్న చిన్న జ్ఞాపకాలు వెలిగి ఆరిపోయాయి. దేవుడు మాత్రం ఎక్కడా తగల్లేదు.

సీసాన్ని మళ్ళీ సొరుగులో పెట్టాడు.

తర్వాత ఆయన చేసిన పని చాలా చిన్నది. మైదానంలో ఒక కట్టుబాటు ఉంది. కొత్త విమానం ఏదైనా, కట్టినవాడే దాన్ని అందరి ముందూ రెండు వేళ్ళ మీద ఎత్తి చూపాలి. ఎక్కడ ఎత్తాలో రెక్కల అడుగున ముందే చుక్కలు పెట్టుకుని రావాలి. ముక్కు వంగితే గాలి తాత "సరే" అంటాడు, అప్పుడే ఎగరాలి. చుక్కలు సరైన చోట ఉన్నాయా లేదా అని ఎవరూ కొలత పెట్టి చూడరు. కట్టినవాడు తన విమానానికే అబద్ధం చెబుతాడా?

పళ్ళాయన నల్ల సిరాతో రెక్కల కింద రెండు చుక్కలు పెట్టాడు. ఉండవలసినదానికన్నా ముప్పావు అంగుళం వెనక్కి. ఆ చుక్కల దగ్గర ఎత్తితే తోక బరువంతా వేళ్ళ మీదికి వచ్చేస్తుంది, ముక్కు ఒద్దికగా వంగుతుంది. ఒకసారి ఎత్తి చూసుకున్నాడు. వంగింది. "అతన్నే ఎగరేయమను," అని వంటింట్లోకి వినబడేలా అన్నాడు. భార్య మురిసిపోయింది. మొగుడికి ఇన్నాళ్ళకు మనసు పెద్దదైందనుకుంది.

ఆదివారం పొద్దున్న మైదానంలో పదిహేనుమంది దాకా ఉన్నారు. అక్కాచెల్లెళ్ళిద్దరూ కూడా వచ్చి చెట్టునీడలో ప్లాస్టిక్ కుర్చీలు వేసుకున్నారు. విమానం చుట్టూ జనం మూగారు. ఒకాయన మేకుతలలు లెక్కపెట్టబోయి వదిలేశాడు. సొరచేప నోట్లో వేలు పెట్టబోయిన ఇంకొకాయనను, కరిస్తే పూచీ తనది కాదని గాలి తాత వారించాడు. పళ్ళాయన ఇదంతా దూరపు ఊళ్ళో జరుగుతున్నట్టు చూశాడు. ఐదు నెలలు దీనికోసమే ఎదురుచూశాడు. ఇప్పుడు అది నాలుక మీద రుచి లేకుండా కరిగిపోతోంది.

వేళ్ళు చుక్కల మీద పెట్టి ఎత్తాడు. ముక్కు వంగింది. తాత పిడికెడు గడ్డి పీకి గాల్లో వదిలి, అది ఎటు రాలిందో చూసి, "సరే" అన్నాడు.

రిమోట్ అందుకుంటూ తోడల్లుడు ఒక్క క్షణం తటపటాయించాడు. "మొదటిసారి మీరే ఎగరేస్తే బాగుంటుంది కదా అన్నయ్యా. నేను పక్కనే ఉంటాను."

అదొక తలుపు. తెరిచే ఉంది. పళ్ళాయన దాని ముందు నిలబడ్డాడు. "నీ చేతికి దేవుడేదో పెట్టాడటగా," అన్నాడు. తోడల్లుడు దాన్ని పొగడ్త అనుకుని సిగ్గుపడ్డాడు.

విమానం సిమెంటు బాట మీద పరుగు తీసి లేచింది. లేచీ లేవగానే ముక్కు ఆకాశంలోకి విసిరినట్టు పైకెగిరింది. తోక మీద నిలబడి ఒక్క క్షణం ఊగింది. అంతలోనే ఒక పక్కకు ఒరిగి జారింది. జనంలో ఎవరో ఊపిరి పీల్చిన చప్పుడు. పళ్ళాయన లోపల ఒక గొంతు, పడు, పడు, అంటోంది. అందరి ముందూ, అతని చేతిలో, ఒక్కసారి పడు. అదే సమయంలో ఆయన భుజాలు విమానం ఒరిగినదానికి అవతలి వైపుకు వంగుతున్నాయి, దాన్ని నిలబెడదామన్నట్టు. మనసు ఒకటి కోరుతుంటే ఒళ్ళు ఇంకొకటి కోరుతోంది. ఆ రెంటి నడుమా ఆయన కొయ్యబారి నిలబడ్డాడు.

తోడల్లుడి నుదుటి మీద చెమట పోసింది. బొటనవేళ్ళు మాత్రం నిద్రపోతున్న పిల్లాడి జుట్టు నిమిరినట్టు కదులుతున్నాయి. పంకా జోరు తగ్గించాడు. ముక్కు లేవబోయిన ప్రతిసారీ, అది లేవకముందే నొక్కాడు. పెద్దగా ఒక్క చుట్టు తిప్పాడు. సొరచేప పళ్ళు ఎండలో తళుక్కుమన్నాయి. తర్వాత దాన్ని తలకెత్తుకున్న నీళ్ళబిందెలా, తొణకకుండా కిందికి తెచ్చి బాట మీద దించాడు.

చప్పట్లు మోగాయి. ఎందుకు అలా ఎగిరిపడిందని గాలి తాత అడిగాడు.

"చెయ్యి కొత్త తాతా," అన్నాడు తోడల్లుడు. "విమానానికేం, బంగారం. నేనే కంగారుపడ్డాను."

జనం టీ ఫ్లాస్కు దగ్గరకు కదిలాక అతను విమానం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని బ్యాటరీ ఊడదీశాడు. పళ్ళాయన ఎదురుగా నిలబడి ఉన్నాడు. అతను విమానాన్ని చుక్కల దగ్గర ఎత్తి చూశాడు. ముక్కు వంగింది. వేళ్ళు ముప్పావు అంగుళం ముందుకు జరిపాడు. తోక చల్లగా కిందికి జారింది. తర్వాత బొటనవేలికి ఉమ్మి రాసుకుని రెండు చుక్కలనూ చెరిపేశాడు.

"కళ్ళద్దాలు మార్చుకోండి అన్నయ్యా," అన్నాడు తలెత్తకుండా, పక్కవాళ్ళకు వినబడనంత మెల్లగా. "దగ్గరి చూపు తగ్గినట్టుంది."

పళ్ళాయన కళ్ళకు ఏమీ కాలేదు. చూపు తగ్గలేదని అతనికీ తెలుసు. చుక్కల సంగతి అతను ఇంట్లో భార్యకు కూడా చెప్పలేదు. చెప్పి ఉంటే మరదలి ముఖంలో తెలిసిపోయేది. ఆమె ఇప్పటికీ "బావగారూ, ఆ చేపను మళ్ళీ ఎప్పుడు ఎగరేస్తారు?" అని నవ్వుతూనే అడుగుతుంది.

సీసం పెట్టడానికి పది నిమిషాల పని. రెండేళ్ళయింది, ఆయన పెట్టలేదు. విమానం పనిగదిలో పైకప్పుకు వేలాడుతోంది. పంటి రంగు పోల్చి చూడమని డాక్టర్లు పంపినవాళ్ళు కుర్చీలో తల వెనక్కి వాల్చి, నోరు తెరుచుకుని దాన్ని చూస్తారు. ఎగురుతుందా అని అడుగుతారు. ఒకసారి ఎగిరిందని చెబుతాడు. తోడల్లుడు ప్రతి ఆదివారం ఫోను చేస్తాడు. పళ్ళాయన ఒకసారి గాలి ఎక్కువుందంటాడు, ఒకసారి నడుము పట్టిందంటాడు. అతను సరే అన్నయ్యా అంటాడు. ఒక్కసారి కూడా విసుక్కోడు. విసుక్కుంటే బాగుండునని ఫోను పెట్టేశాక పళ్ళాయన చాలాసేపు కిటికీ దగ్గర నిలబడతాడు.

ఈ సంగతులన్నీ రాయవచ్చా అని నేను అడిగినప్పుడు ఆయన ఒక ముందుపన్నును వెలుతురుకు ఎత్తి పట్టుకుని, దాని అంచున పసుపు సరిపోయిందో లేదో చూసుకుంటున్నాడు. రాసుకోమన్నాడు. తోడల్లుడు చదివినా ఫరవాలేదన్నాడు. మెట్ల దాకా సాగనంపడానికి వచ్చి, రెయిలింగు పట్టుకుని, కింద వీధిని చూస్తూ చివరికి ఇంతే అన్నాడు.

"వాడు ఆ రోజు దాన్ని కూల్చేసి ఉంటే, ఈపాటికి నేను వాణ్ణి ఎప్పుడో క్షమించేసేవాణ్ణి."