ఏసోబు తాత మెడ గుండీ

ముందే చెబుతున్నాను, దయ్యాలన్నా ఆత్మలన్నా నాకు నమ్మకం లేదు. మామిడిపల్లి రోడ్డు మీద ఫొటో స్టూడియో పెట్టి ఇరవై రెండేళ్లయింది. జనం మొహాల మీద మొటిమలు చెరిపి, బట్టతలల మెరుపు తగ్గించి ఇల్లు నడుపుకుంటున్నవాణ్ణి. ఫొటోలో ఏదైనా నీడ కనిపిస్తే నేను మొదట చేసే పని లెన్స్ తుడవడం.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. మనిషి ఫొటో తీయడంలో నాకు కొంచెం పొగరు. కూర్చోబెట్టి నాలుగు మాటలు కలిపితే మొహంలో బిగువు వదిలే క్షణం నాకు తెలిసిపోతుంది. మూడు క్లిక్కుల్లో పని అయిపోవాలి. నాలుగోది నొక్కాల్సి వస్తే నామోషీ.

ఆ పొగరు దించినవాడు ఏసోబు తాత.

పోయిన ఎండాకాలం ఒక మధ్యాహ్నం మూడున్నరకు కూతురు సుగుణమ్మ ఆయన్ని తీసుకొచ్చింది. డెబ్బై అయిదేళ్లుంటాయి. వాళ్ల చర్చి వాళ్లంతా కలిసి యెరూషలేము యాత్రకు వెళ్తున్నారు, వీసాకు ఫొటో కావాలి. వెనక తెలుపు ఉండాలి, రెండు చెవులూ కనబడాలి, చూపు సూటిగా కెమెరాలోకి ఉండాలి. వేరే చోట తీయించినవి అప్పటికే రెండుసార్లు తిరిగొచ్చాయట, చూపు పక్కకు పోయిందని. ఆ రోజు ఐదింటిలోపు మంచి ఫొటో అందకపోతే పేరు తీసేస్తామని ట్రావెల్స్ వాళ్లు తేల్చి చెప్పారు.

"నేను, మా మార్తమ్మ ఇద్దరం పోదామనుకున్నం బిడ్డా," అన్నాడు తాత. "ఆమె నిరుడు పోయింది. ఇగ ఆమె కండ్లతోని గూడ నేనే సూసి రావాలె. మళ్లా ఏడాదంటే నా మోకాళ్లు ఆగయి."

"రెండు నిమిషాల పని తాతా," అన్నాను. నా నోటికి బుద్ధి లేదు.

మొదటి ఐదు ఫొటోల్లో తాత పైకప్పు చూస్తున్నాడు. మా షాపు మీదుగానే విమానాలు దిగుతాయి. చప్పుడు వినబడితే చాలు, "ఇదేనేమో నేనెక్కేది" అని తల ఎత్తేవాడు. సరే, రెండు విమానాల మధ్య ఖాళీ చూసుకుని తీశాను.

అప్పుడు మొదలైంది అసలు కథ. కెమెరాలోంచి చూస్తే తాత సూటిగా నా కళ్లలోకే చూస్తున్నాడు. నొక్కాక తెరమీద చూస్తే చూపు ఎడమకు పోయి ఉంది. ఆయన ఎడమ పక్కన ఉన్నది జనం సంచులు పెట్టుకునే ఖాళీ స్టూలు, అంతే. ఆరోది అట్లాగే వచ్చింది, పదోది అట్లాగే, ఇరవయ్యోదీ అంతే.

"నీ దిక్కే సూస్తున్న గద!" అని తాతకు కోపమొచ్చింది. నిజమే, చూస్తూనే ఉన్నాడు. సుగుణమ్మ కూడా సాక్ష్యం చెప్పింది.

కెమెరా మార్చాను. సెల్‌ఫోన్‌తో తీశాను. లైటు అటు తిప్పాను, ఇటు తిప్పాను. అనుమానమొచ్చి సుగుణమ్మను కూర్చోబెట్టి తీస్తే ఆమె చూపు బాణంలా వచ్చింది. నేనే కూర్చుని టైమర్ పెట్టుకుంటే నాదీ సూటిగానే ఉంది, మొహం మాత్రం పరారీలో ఉన్న దొంగలా ఉంది. ఏసీ కిందే చొక్కా తడిసిపోయింది.

చివరికి ఆధార్ కార్డు చూపించమన్నాను. అందులోనూ తాత ఎడమకే చూస్తున్నాడు, మహా కోపంగా!

సుగుణమ్మ పకపకా నవ్వింది. "అప్పుడు అమ్మ పక్కనే నిలవడ్డది అన్నా. 'మెడ గుండీ పెట్టుకో, పెట్టుకో' అని ఒకటే నస. బాపు ఆమె దిక్కు గుర్రుగ సూసిండు, వాళ్లు టక్కున నొక్కిండ్రు. మా ఇంట్ల పెండ్లి ఫొటో కాడి నుంచి అన్నీ గిట్లనే ఉంటయి."

మెడ గుండీ పెట్టుకుంటే తాతకు ఊపిరాడదట. నా ముందు కూర్చున్నప్పుడు కూడా అది ఊడదీసే ఉంది. సుగుణమ్మ పెట్టబోతే చెయ్యి విదిలించాడు. తనంతట తాను పెట్టుకునే వీలూ లేదు. వేళ్లు వంకర తిరిగిపోయాయి, టీ గ్లాసు కూడా రెండు చేతులతో పట్టుకుంటాడు. పొద్దున్నే చొక్కా గుండీలన్నీ కూతురే పెడుతుంది.

నాలుగూ నలభై అయింది. ముప్పై ఎనిమిది ఫొటోలయ్యాయి. తాత నేల చూస్తూ కూర్చున్నాడు. ఆ మొహం చూసి నాకు ప్రాణం ఉసూరుమంది. ఏం తోచక ఆ ఖాళీ స్టూలు వైపు తిరిగి దండం పెట్టాను.

"మార్తమ్మా, నీ ముసలాయన్ని జర నువ్వే సూసుకో తల్లీ. టైమైపోతుంది."

వేళాకోళానికే అన్నాను. సుగుణమ్మ నన్ను కొరికేసేలా చూసింది. తాత నవ్వలేదు. స్టూలు వైపు ఒకసారి చూసి, మెల్లగా నా వైపు తిరిగాడు. నొక్కాను.

చూపు సూటిగా ఉంది. కళ్లలో కాస్త తడి, పెదవి చివర చిన్న మొండితనం. ఇరవై రెండేళ్లలో నేను తీసిన ఫొటోలన్నిటిలోకీ మంచిది అదే. ఎగిరి గంతేసినంత పని చేశాను.

కంప్యూటర్ మీద అంచులు కత్తిరిస్తుంటే చెయ్యి ఆగిపోయింది. మెడ గుండీ పెట్టి ఉంది.

వెంటనే ముందు ఫొటో తెరిచాను. అందులో ఊడదీసి ఉంది. రెండిటికీ మధ్య పద్నాలుగు సెకన్లని కెమెరాయే చెబుతోంది. రెండిటిలోనూ తాత చేతులు మోకాళ్ల మీదే ఉన్నాయి. సుగుణమ్మ నా పక్కన, లైటు వెనక నిలబడి ఉంది. తలెత్తి తాతను చూస్తే చొక్కాకూ గుండీ పెట్టే ఉంది.

"నువ్వు పెట్టినవా అన్నా?" అంది సుగుణమ్మ. నేనెందుకు పెడతాను! ఇద్దరం ఆ స్టూలు వైపు చూశాం. ఒళ్లు జల్లుమంది, దాచుకోవడమెందుకు. ఫొటో మాత్రం ఐదింటికి ఐదు నిమిషాల ముందే పంపేశాను.

వీసా వచ్చింది. ప్రయాణం రోజు ఎయిర్‌పోర్టుకు పోతూ షాపు ముందు కారు ఆపారు. మిట్టమధ్యాహ్నం, తాత చెమటలు కక్కుతున్నాడు, మెడ దాకా గుండీ పెట్టుకుని ఉన్నాడు. ఊపిరాడదు కదా, తీసెయ్యమన్నాను.

"యాభై ఏండ్లు చెప్తే విన్లే," అన్నాడు. "ఇప్పుడన్న విననీ."

సుగుణమ్మే అలవాటు కొద్దీ పెట్టి మరిచిపోయి ఉంటుందని మా ఆవిడ అంటుంది. కావచ్చు. ఆ రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు, నాకైతే ఇప్పటికీ అంతుపట్టలేదు. ఆ స్టూలు మీద మాత్రం ఎవరినీ సంచులు పెట్టనివ్వడం లేదు. ఆ గుండీ ఎవరు పెట్టారని తాత ఇంతవరకూ ఎవరినీ అడగలేదు.